తాడు పట్టిన వాళ్ళ వాటా

నెల్లూరు సముద్రం చూశారా అని అడిగితే మా జగిత్యాలలో చాలామంది తిరుపతికి పోతూ రైలు కిటికీలోంచి నెల్లూరు స్టేషన్ చూశామంటారు. మొన్నటిదాకా నేనూ ఆ కోవలోదాన్నే. ఇప్పుడు పోయి చూసి వచ్చాను. సముద్రం బాగుంది. దాని ఒడ్డున తిన్న భోజనం మాత్రం నాకు ఇంకా గొంతు దిగలేదు. మీరెవరూ పోలేదు కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

మా ఆయన సుధాకర్ ఇరిగేషన్ ఆఫీసులో రిటైరయ్యాడు. శాలువా, గడియారం పాతబడ్డాయని ఆయన తోటివాళ్ళంతా కలిసి నెల్లూరు జిల్లా సముద్రపు ఒడ్డున ఒక పెద్ద హోటల్లో రెండు రాత్రుల బస బహుమతిగా ఇచ్చారు. అందులో ఒక రాత్రి 'సెట్ మెనూ' విందు. అంటే ఏంటని అడిగితే, వాళ్ళు పెట్టింది, వాళ్ళు పెట్టిన వరసలో, వాళ్ళు పెట్టినంత తినడమని మా ఆయన వివరించాడు. అయితే పెళ్ళి భోజనమే కదా అన్నాను. పెళ్ళి భోజనంలో మారు వడ్డిస్తారన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

నాకు టైలరింగ్ దుకాణం ఉంది. రెండు రోజులు షట్టరు దించడమంటే నాకు పెద్ద సంగతే. అయినా సముద్రం కదా అని బయల్దేరాను.

కారం దోశ

పొద్దున్నే నెల్లూరులో దిగాం. స్టేషన్ బయట శ్రీను అనే ఆటో అతను దొరికాడు. హోటలు పేరు చెప్పగానే మా సంచుల వంక ఒకసారి, మా చెప్పుల వంక ఒకసారి చూశాడు.

"ఆ హోటలుకా అక్కా? గేటు కాడ దింపతాను. ఆటోలు లోపలికి రానీరు."

"గేటు నుంచి నడవాలా?"

"ఆళ్ళే బ్యాటరీ బండి పంపతార్లే. ముందు ఏమన్నా తినండి. ఆడికి పోతే మీకు ఇష్టమైంది దొరకదు, ఆళ్ళకు ఇష్టమైంది దొరకతాది."

తనే ఒక తోపుడు బండి దగ్గరికి తీసుకుపోయాడు. నెయ్యి కారం దోశ యాభై రూపాయలు. దోశ మీద ఎర్రటి ఉల్లికారం రాసి, పప్పుల పొడి చల్లి, నెయ్యి పోసి మడతేసి ఇచ్చిందామె. మా వైపు దోశ అంటే పల్లి చట్నీ మీద ఆధారపడి బతికేది. ఇది దేని మీదా ఆధారపడదు. మా ఆయన ముక్కు తుడుచుకుంటూనే రెండోది చెప్పాడు. బండి ఆమె అడక్కుండానే చట్నీ వేసింది. వద్దంటే, "ఇంకొంచెం ఏసుకోండి, మళ్ళా ఎప్పుడొస్తారో" అని ఇంకోసారి వేసింది. ఆ తర్వాత రెండు రోజుల్లో ఆ మాట నాతో అన్నవాళ్ళు ఇంకెవరూ లేరు.

నెల్లూరు వచ్చి మలై కాజా తీసుకోకుండా పోతే పాపమని శ్రీను చెబితే అదీ ఒక పెట్టె కొన్నాం.

గుంటల మధ్య రోడ్డు

ఇందుకూరుపేట దాటేదాకా రోడ్డుకు రెండు పక్కలా వరి. తర్వాత వరి తగ్గి రొయ్యల గుంటలు మొదలయ్యాయి. గుంటల్లో చక్రాలు తిరుగుతూ నీళ్ళు ఎగజిమ్ముతున్నాయి. అంత నీరున్న చోట గాలి కంపు కొట్టడం నాకు ఆశ్చర్యంగా అనిపించింది.

ఒక టీ కొట్టు దగ్గర ఆగాం. బెంచీ మీద రమణయ్య గారని ఒక రైతు కూర్చుని ఉన్నారు. తాతల నాటి వరిపొలం తవ్వి గుంట చేశారట. ఆ మాట చెప్పేటప్పుడు గొంతులో సంతోషం లేదు, బాధా లేదు.

"రోజూ రొయ్యల కూరే అయితే" అన్నాడు మా ఆయన.

"మా ఇంట్లో ఎవురమూ తినమయ్యా. మందులేసే చెయ్యి మాదే గదా" అని ఆయన టీ గ్లాసు కింద పెట్టారు.

ఎక్కడికని అడిగారు. చెప్పాం. "ఓ, ఆడికా" అన్నారంతే. దారిలో కలిసిన వాళ్ళందరూ ఆ హోటలు పేరు వినగానే ఆ 'ఓ' అనేవాళ్ళు.

కంచె లోపల

గేటు దగ్గర శ్రీను దింపేసి, "ఎల్లుండి పొద్దున ఫోను చెయ్యండక్కా, ఈడ్నే ఉంటాను" అని వెళ్ళిపోయాడు. బ్యాటరీ బండి వచ్చింది. చుట్టూ సరుగుడు చెట్లు, వాటి మధ్య కంచె. లోపల ఒకమ్మాయి మెడలో గవ్వల దండ వేసి, మందార పువ్వుల రసం చిన్న గ్లాసులో ఇచ్చింది. అందరికీ నీలం గళ్ళ లుంగీ గుడ్డతో కుట్టిన కోట్లు. జాలర్ల బట్టల తరహా అట. నా కన్ను కుట్టు మీదికే పోయింది. అంచులు మడిచి కుట్టలేదు, జిగురుతో అంటించారు. నా దుకాణంలో అలాంటి పని చేస్తే కస్టమర్లు మొహం మీద కొడతారు.

గది చల్లగా, పెద్దగా ఉంది. ఒప్పుకోవాలి, మంచం మీద కూర్చుంటే సముద్రం కనిపిస్తుంది. బల్ల మీద రేపటి విందు కార్డు పెట్టారు. పైన పడవ బొమ్మ, తాడు లాగే ముసలాయన బొమ్మ. పేరు 'మత్స్యకారుని విందు'. ఏడు కోర్సులు.

ఆ సాయంత్రం మేనేజరు వచ్చి పలకరించాడు. మెత్తటి మనిషి, ఎప్పుడూ చేతులు జోడించే ఉంటాడు. "రేపు సాయంత్రం సన్‌సెట్ వల ఉంది మేడమ్. మా ఊరి జాలర్లతో కలిసి మీరూ వల లాగవచ్చు. చాలా ఒరిజినల్ అనుభవం" అన్నాడు.

ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, వెనక రొయ్యల గుంటల్లో మునుగుతాడు. సన్‌సెట్ చూడాలంటే సముద్రానికి వీపు పెట్టాలి. ఆ మాట అంటే మా ఆయన నా కాలు తొక్కాడు. ఈ ప్రయాణంలో నా కాలికి చాలా పని పడింది.

తాడు

మర్నాడు సాయంత్రం కంచె దాటి ఇసుకలోకి దిగాం. కంచె తలుపు మీద 'అతిథులకు మాత్రమే' అని బోర్డు. అది మా వైపుకు కాదు, సముద్రం వైపుకు తిప్పి ఉంది.

పడవ అప్పటికే వలను అర్ధచంద్రంలా సముద్రంలో వేసి వచ్చింది. వల రెండు కొసల తాళ్ళూ ఒడ్డున ఉన్నాయి. ఒక్కో తాడుకు పది మంది దాకా మగవాళ్ళూ ఆడవాళ్ళూ. అతిథులం ఓ పన్నెండు మందిమి దిగాం. హోటలు ఫోటోగ్రాఫరు అందరి చేతుల్లో తాడు పెట్టి నవ్వమన్నాడు. నవ్వాం. ఫోటోలు అయిపోగానే ఒక్కొక్కరే చేతులు దులుపుకుని కొబ్బరి బోండాల వైపు వెళ్ళిపోయారు. మా ఆయనకు నడుము నొప్పి, ముందే కుర్చీలో కూర్చున్నాడు.

నేను వదల్లేదు. ఎందుకని అడిగితే, మొదలుపెట్టిన పని మధ్యలో వదిలితే నాకు రాత్రి నిద్ర పట్టదు. తాడు పట్టి వెనక్కి నడవడం, కొసకు పోయాక వదిలి మళ్ళీ నీళ్ళ దగ్గరికి వచ్చి పట్టడం. ఒకాయన పాటలో పదం అందిస్తే మిగతావాళ్ళు అందుకుంటున్నారు. నా అరచేతులు ఎర్రబడ్డాయి. నా ముందు ఉన్నాయన వెనక్కి తిరిగి చూశారు. బక్కపలచటి మనిషి, తల పూర్తిగా నెరిసింది. వల ఆయనదే, పేరు పోలయ్య.

"చీర కొంగు తాడుకు చుట్టి పట్టండమ్మా. చెయ్యి కోసుకోదు."

పక్కనే ఆయన భార్య కావమ్మ. ఆమె నన్ను చూసి నవ్వి, "ఇంతసేపు నిలబడిన గెస్టును నేను చూడ్లే" అంది. లాగుతూనే మాటల్లో పడ్డాం. రోజూ ఇక్కడే వేస్తారా అని అడిగాను.

"ఈ ఎదురుగా అడుగంతా ఇసక. వల నున్నగా వస్తాది" అంది కావమ్మ. "ఉత్తరంగా పోతే రాళ్ళు, వల చినుగతాది. దచ్చిణంగా గుంటల నీళ్ళు వొదులుతారు, చేప రాదు. మాకుండేది ఈ ముక్కే."

"మరి హోటలు వాళ్ళు ఏమనరా?"

"పడవ తెచ్చే దోవ కంచె బయటుండే ఆళ్ళ స్థలంలోంచే. గెస్టులకు వేడుక అని రానిస్తా ఉండారు" అన్నారు పోలయ్య. "ఒగటే షరతు, కంచె లోపలికి కాలు పెట్టగూడదని. మాకేం పని లోపల?"

వల ఒడ్డుకు చేరేసరికి చీకటి పడబోతోంది. అంత మంది అంతసేపు లాగిన వలలో ఉన్నది చూసి నా మొహం చిన్నబోయింది. కవళ్ళు, నెత్తళ్ళు లాంటి చిన్న చేపలు, నాలుగు పీతలు, కొంచెం పెద్దవి ఏవో. వాళ్ళ మొహాలు మారలేదు. కావమ్మ ఇసుక మీద గోనె పరిచి కుప్పలు పెట్టడం మొదలెట్టింది. పట్నం వ్యాపారికి పెద్ద కుప్ప, పక్కన వరసగా చిన్న చిన్న కుప్పలు.

"ఇవి?"

"తాడు పట్టినోళ్ళ వాటాలు" అన్నారు పోలయ్య. "పిల్లోడు పట్టినా, దోవన పోయే సన్నాసి పట్టినా, చివరిదాకా తాడు పట్టినోడికి వాటా. మా తాతల కాడ్నించి అంతే. ఈ కొసది మీది."

మా వైపు చెరువులో చేపలు పట్టే రోజున సంఘం సభ్యుడు కానివాడు వల ముట్టుకుంటే కొట్లాట అవుతుంది. మృగశిర కార్తె నాడు చేపకోసం తోసుకునే మనుషుల్ని చూసి పెరిగినదాన్ని. ఇక్కడ ఊరూ పేరూ తెలియని నాకు కుప్ప పెట్టారు. అంతలో లుంగీ కోటు అమ్మాయి పరుగెత్తుకొచ్చి, "మేడమ్, విందు ఏడున్నరకు మొదలవుతుంది, ఆలస్యమైతే మొదటి కోర్సు పోతుంది" అంది.

"తర్వాత తీసుకుంటా లెండి" అని నేను వచ్చేశాను. బజారులో వద్దనుకున్న వస్తువు గురించి అనే మాట అది. అలా అంటే తీసుకోనని అర్థం చేసుకోవడం పట్నం వాళ్ళ అలవాటు. పోలయ్య గారికి ఆ అలవాటు లేదు.

ఏడు కోర్సులు

భోజనాల గది మొత్తం అద్దాలు. నేల పాలరాయి. మా బల్లకు వడ్డించేవాడు బాలాజీ, నెల్లూరు దగ్గర వెంకటాచలం ఊరివాడు, ఇద్దరు పిల్లల తండ్రి. ప్రతి పళ్ళెం పెట్టేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని అప్పజెప్పినట్టు ఏదో చెబుతాడు.

మొదటిది చెంచాలో ఒకే ఒక రొయ్య, దాని మీద చింతపండు నురుగు. నురుగు చూసి ఉమ్మేమో అనుకున్నాను, క్షమించాలి. రెండోది మందు గ్లాసంత మిరియాల చారు. మూడోది నిమ్మకాయంత చేప వడ. నాలుగోది తాటిముంజల ఐసు, ఒక్క చెంచా. నాలుక శుభ్రం చేసుకోవడానికట.

"నా నాలుకకేమైందట?" అన్నాను.

మా ఆయన మళ్ళీ కాలు తొక్కాడు. "ఊకో. పద్ధతి గది."

"అన్నం ఎప్పుడొస్తది?"

"ఆరో కోర్సులో మేడమ్" అన్నాడు బాలాజీ.

అయిదోది వంజరం ముక్క. పెద్ద తెల్లటి పళ్ళెం మధ్యలో అగ్గిపెట్టెంత ముక్క, చుట్టూ ఆకుపచ్చ చుక్కలు. "ఈ కోర్సులో జాలరి ఉదయం అనే భావన చూపించినాం మేడమ్" అన్నాడు. ఈ చేప ఈరోజు వలలో పడ్డదేనా అని అడిగాను. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"చెన్నై నుంచి ఐసు బండిలో వస్తాది మేడమ్. అన్ని బల్లలకూ ఒకే సైజు ముక్క రావాల గదా. మా వలలో చేప ఒక సైజు ఉండదు."

ఎదురుగా అద్దం అవతల సముద్రం చీకట్లో మోగుతోంది. దాన్ని చూసుకుంటూ చెన్నై చేప తింటున్నామన్నమాట. మా ఆయన మాత్రం, మెత్తగా ఉందే అన్నాడు. మెత్తగానే ఉంది. అంతకుమించి ఏమీ లేదు.

అప్పుడు వచ్చారు పోలయ్య గారు.

స్నానం చేసి, తల దువ్వుకుని, ఇస్త్రీ మడతలున్న తెల్లచొక్కా వేసుకుని వచ్చారు. చేతిలో అల్యూమినియం గిన్నె, దాని మీద అరిటాకు ముక్క. కంచె తలుపు తీసుకుని, తోట దాటి, అద్దం తలుపు తోసుకుని లోపలికి వచ్చేశారు. ఒట్టి కాళ్ళు. పాలరాతి మీద తడి ఇసుక అడుగులు పడ్డాయి. బల్లలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి నన్ను చూడగానే ఆయన మొహం తేటపడింది.

"ఈడుండారామ్మా. మీ వాటా మరిచిపోయి వొచ్చేసినారు. ఇంకా మీరు రారేమోనని తెచ్చినా. మా ఆడమనిషి ఐసు ఏసింది. ఒగ చందువా గూడా ఏసింది మీకని."

గిన్నె నా ముందు పెట్టి అరిటాకు తీశారు. కవళ్ళ మీద అరచేయంత చందువా మెరుస్తోంది. అంత తక్కువ చేప పడిన వలలో ఆ చందువా ఎంత పెద్ద సంగతో నాకు తెలుసు. అమ్ముకోవాల్సిన చేప అది.

అప్పుడు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పక్క బల్ల వాళ్ళు చప్పట్లు కొట్టారు. విందులో ఇదీ ఒక కోర్సు అనుకున్నారు. ఫోన్లు పైకి లేచాయి. ఒకామె, "ఇటు తిరగండి పెద్దాయనా" అంది. ఆయన నిజంగానే ఆమె వైపు తిరిగి నిలబడ్డారు. ఎందుకు చప్పట్లు కొడుతున్నారో తెలియక చిన్నగా నవ్వారు కూడా.

మేనేజరు ఎక్కడి నుంచి వచ్చాడో క్షణంలో వచ్చేశాడు. పోలయ్య గారి భుజం చుట్టూ చెయ్యి వేశాడు. "ఇదే మా తీరం ప్రత్యేకత" అని బల్లలన్నిటికీ వినపడేలా చెప్పి, ఇంకోసారి చప్పట్లు కొట్టించాడు. ఆ నవ్వు నవ్వుతూనే ఆయన్ని తలుపు వైపు నడిపించాడు. అద్దం అవతల దీపం కింద నవ్వు ఆగిపోవడం నేను చూశాను. పోలయ్య గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. మేనేజరు కంచె వైపు వేలు చూపించి మాట్లాడుతున్నాడు. లోపలికి ఒక్క మాట వినపడలేదు.

మేనేజరు ఒక్కడే తిరిగి వచ్చాక గిన్నె అతని ముందు పెట్టి, "ఇది వండించి పెట్టండి" అన్నాను.

"సెట్ మెనూ మేడమ్. బయటి పదార్థం మా వంటగదిలోకి రాకూడదు."

"బయటిదేంది? ఇది మీ ఎదురుగా ఉన్న సముద్రంల చేప. మీది చెన్నైది."

"ఫ్రిజ్‌లో భద్రంగా పెట్టిస్తాను. వెళ్ళేటప్పుడు తీసుకెళ్దురుగాని" అని చేతులు జోడించి గిన్నె అందుకున్నాడు. ఆ చేతులకు గిన్నె ఇచ్చేశాను.

లేచి పోవాల్సింది. లేవలేదు. ఆరో కోర్సు వచ్చింది. కప్పుతో బోర్లించిన గుప్పెడు అన్నం, చిన్న మూకుట్లో నెల్లూరు చేపల పులుసు, అందులో ఒకే ఒక మామిడికాయ ముక్క. ఇంకొంచెం పులుసు వెయ్యమంటే ఒక్కరికి ఒక్కటేనన్నారు. ఏడోదిగా మలై కాజాను నాలుగు ముక్కలు చేసి, పైన బంగారు రేకు అతికించి పెట్టారు. గదిలో నా సంచిలో పెట్టెడు ఉన్నాయి.

గిన్నె

పొద్దున్న లేచి కిటికీ తీసి చూశాను. ఇసుక మీద పడవ లేదు. ఆరేసిన వల లేదు. పడవను ఈడ్చుకుపోయిన గాడి మాత్రం ఉత్తరం వైపుకు సాగిపోయి ఉంది.

వంటగది వెనక తలుపు దగ్గర బాలాజీ దొరికాడు. నా గిన్నె అని అడగ్గానే లోపలికి పోయి తెచ్చాడు. శుభ్రంగా తోమి ఉంది.

"చేపలేవి?"

"రాత్రే పారేయించినారు మేడమ్. బయటి చేప ఫ్రిజ్‌లో పెట్టగూడదంట." అతను నా మొహం చూడలేదు. "పోలయ్యను వల తీసుకోని పొమ్మన్నారు. కంచె దాటినాడు గదా. ఒకడొస్తే రేపు ఊరంతా వస్తారంట. నా పేరు చెప్పబాకండి."

హోటలు వదిలేటప్పుడు మేనేజరు మళ్ళీ చేతులు జోడించి విందు ఎలా ఉందని అడిగాడు. మా ఆయన బాగుందన్నాడు. నేను ఊరుకోలేదు. ఆ మనిషి ఏం దొంగతనం చేశాడని వల తీయించారని అడిగాను. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగానే అడిగాను.

"మేడమ్, రూల్ అందరికీ ఒకటే. వాళ్ళంటే మాకు చాలా గౌరవం. మెనూ కార్డు మీద ఆయన బొమ్మే వేశాం కదా" అన్నాడు.

అప్పుడు సరిగా చూశాను కౌంటరు మీదున్న కార్డు. తాడు లాగుతున్న ముసలాయన పోలయ్య గారే. కార్డు మీద ఆయన్ని లోపలికి రానిచ్చారు. కాళ్ళతో నడిచి వస్తేనే వద్దన్నారు. నాకు అంత కోపం వచ్చినా చెయ్యగలిగింది ఏమీ లేదు, అదే నన్ను ఎక్కువ దహించింది. ఆయన వల వేసే చోటు పోగొట్టుకున్నది 'తర్వాత తీసుకుంటా' అని నేను అన్న ఒక్క ఉత్త మాటకు.

గిన్నె తిరిగి ఇవ్వాలి. ఎవరి గిన్నెనైనా ఖాళీగా తిప్పి పంపడం మా ఇంట లేదు. కనీసం పిడికెడు చక్కెరైనా వేసి ఇస్తాం. మలై కాజాలన్నీ ఆ గిన్నెలో వేసి, శ్రీనును పన్నెండింటికి రమ్మని చెప్పి, ఒడ్డు వెంట ఉత్తరంగా నడిచాం. సంచులు రెండూ మా ఆయనే మోశాడు.

రాళ్ళ దగ్గర

హోటలు కనుమరుగయ్యాక వాళ్ళు కనిపించారు. ఒకసారి వల లాగేసినట్టున్నారు. కావమ్మ ఇసుకలో కూర్చుని చినిగిన వల అతుకుతోంది. చిరుగు నా రెండు బారలంత ఉంది. కుట్టు పని తెలిసినదాన్ని, అది పూటలో అయ్యే పని కాదని చూడగానే తెలిసింది. మగవాళ్ళు రెండో వల సముద్రంలోకి వదిలి తాళ్ళు సర్దుతున్నారు. నిన్నటి మందిలో సగం కూడా లేరు.

పోలయ్య గారు నన్ను చూసి లేచి వచ్చారు. గిన్నె అందుకుని, లోపల కాజాలు చూసి, "ఇవెందుకమ్మా" అన్నారు.

"నావల్ల మీకు అక్కడ వల వేసే చోటు పోయింది" అన్నాను.

"మీ వల్ల గాదు. రావద్దన్న చోటికి నేను పోయినాను. తప్పు నాదే."

"నాకోసమే కదా వచ్చింది."

"మీ వాటా ఇంట్లో పెట్టుకోని మేమెట్టా కూడు తినేది? అది మీది. ఇయ్యకపోతే వల పలకదమ్మా, చేప పడదు." కొంచెం ఆగి అడిగారు. "అది పోనీండి. తిన్నారా? ఎట్టుండాయి?"

మా ఆయన వెంటనే, "బాగు..." అని మొదలుపెట్టాడు. ఆయనది మంచి మనసే. ఆ మాట పూర్తయి ఉంటే పోలయ్య గారు సంతోషించేవారు. ఒడ్డు పోయినా వాటా చేరిందనుకునేవారు. కానీ పోలయ్య గారు నా కళ్ళలోకి చూస్తూ అడిగారు. రెండోసారి ఆ మనిషితో ఉత్త మాట అనడం నా వల్ల కాలేదు.

"పారేశారు" అన్నాను. "నాకు పెట్టలేదు. రాత్రే పారేశారు."

వల కుడుతున్న కావమ్మ చెయ్యి ఆగింది.

"చందువా గూడానా?" అంది.

"చందువా కూడా."

ఆమె తల దించుకుని మళ్ళీ కుట్టడం మొదలెట్టింది. పోలయ్య గారు గిన్నె ఆమె పక్కన పెట్టి తాడు దగ్గరికి వెళ్ళిపోయారు. కాజాలు ఎవరూ ముట్టలేదు.

మా ఆయన పోదామన్నట్టు చూశాడు. వాళ్ళు లాగడం మొదలుపెట్టారు. మనుషులు తక్కువై తాడు కదలడం లేదు. ఒకాయన పదం అందుకుంటే తిరిగి అనడానికి గొంతులే సరిపోలేదు. నేను చెప్పులు విడిచి, కొంగు చేతికి చుట్టుకుని పోలయ్య గారి వెనక తాడు పట్టుకున్నాను.

ఆయన వెనక్కి తిరిగి చూశారు. కోపం లేదు ఆ మొహంలో. నిన్న కొంగు చుట్టుకోమని చెప్పినంత నెమ్మదిగానే చెప్పారు.

"వొద్దమ్మా. వదిలెయ్యండి. తాడు పడితే మళ్ళా వాటా ఇయ్యాల గదా."

నేను తాడు వదిలేశాను.